అడిగితే చెప్తా: మంచు లేని ఊళ్ళో క్రిస్మస్

పోయిన నెల ఈ శీర్షికలో ఒకావిడ విదేశాల్లో క్రిస్మస్ ఎలా చేస్తారండీ అని అడిగారు. మా ఆయన ఉద్యోగం పుణ్యమా అని కొన్నేళ్ళు పసిఫిక్ సముద్రంలోని ఫిజీ దీవుల్లో ఉండొచ్చాం కదా అని, అక్కడ నేలలో గొయ్యి తీసి విందు వండుతారు, ఎండకి చెమటలు కారుతుంటే పాటలు పాడతారు, చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి వండుకు తింటారు అని ఓ నాలుగు ముక్కలు రాసి వదిలేశా. కొబ్బరీ చేమా అనేసరికి కోనసీమ మొత్తం లేచి కూర్చున్నట్టుంది, ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ సగానికి పైగా దాని మీదే. కొబ్బరికి తెల్లదోమ సంగతీ, అత్తాకోడళ్ళ సంగతీ అడిగినవాళ్ళు ఏమనుకోకండి, మీ వంతు జనవరిలో. ఈసారికి ఇదే.

అక్కా, మా ఆడపడుచు వాళ్ళు ఈ మధ్యే ఫిజీ రాజధాని సువా వెళ్ళారు. డిసెంబర్‌లో అక్కడ మండుటెండలంట. చలి లేదు, మంచు లేదు, ఇంక క్రిస్మస్ వచ్చినట్టే లేదు అని ఫోన్లో ఒకటే గోల. నిజంగా అంత బోసిగా ఉంటుందా?
ఒక గృహిణి, రాజోలు

మంచు మనకి మాత్రం ఎక్కడుందమ్మా, రాజోల్లో ఎప్పుడైనా పడిందా? అయినా ప్రతి ఏడూ దూది కొనుక్కొచ్చి చెట్టుకి అంటిస్తాం, ఎవడో కుర్రాడికి ఎర్రకోటూ తెల్లగడ్డం తగిలించి వాడు లోపల ఉడికిపోతుంటే ఫోటోలు తీసుకుంటాం. ఆ సరంజామా సువా షాపుల్లోనూ ఉంటుంది, సూపర్ మార్కెట్‌కి వెళ్తే దూదీ గంటలూ పాటలూ అన్నీ ఉంటాయి. మీ ఆడపడుచు చూసింది అదే అయ్యుంటుంది, అందుకే బోసిగా అనిపించింది, ఎందుకంటే అసలు పండగ జరిగేది టౌన్లో కాదు.

ఫిజీ భూమధ్యరేఖకి దిగువన ఉంది కాబట్టి డిసెంబర్ అంటే నడి వేసవి, వేసవంటే మన మే నెల లాగా పొడి ఎండ అనుకోకండి, ఉక్కపోత, మధ్యాహ్నం దాటితే వాన. మామిడిపళ్ళు అప్పుడే. తురాయి చెట్టు మనకి మే నెలలో పూస్తుంది కదా, అక్కడ నవంబర్ డిసెంబర్‌లో పూస్తుంది, సేకౌలా అంటారు, రోడ్ల పక్కన ఎటు చూసినా ఎర్రగా కమ్మేస్తుంది. అక్కడివాళ్ళకి క్రిస్మస్ దగ్గరికొచ్చిందని చెప్పేది ఆ చెట్టే, ప్లాస్టిక్ స్టార్ కాదు.

ఇరవయ్యో తారీకు దాటిందంటే సువా బస్టాండూ ఓడరేవూ చూడాలి మీరు. 300 పైచిలుకు దీవులండి ఆ దేశం, మనుషులుండేవే వంద దాకా ఉన్నాయి, ఉద్యోగాలకని సువా చేరిన జనం అంతా ఒక్కసారే ఊరిదారి పడతారు, కడావుకీ లౌ దీవులకీ తవెయూనికీ వెళ్ళే పడవల్లో మనిషికి మనిషి ఆనుకుని, పిండి బస్తాలూ బిస్కెట్ డబ్బాలూ టిన్ను మాంసం పెట్టెలూ చాపచుట్టలూ, మధ్యలో పిల్లలు నిద్రపోతూ, పైన వాన. కొన్ని దీవులకి రాత్రంతా ప్రయాణం, కొన్నింటికి అంతకన్నా ఎక్కువ. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మన వైపు బస్సులు ఎలా వస్తాయో అంతే, కాకపోతే బస్సు బదులు సముద్రం. పండగ రోజుకి సువాలో వీధులు ఖాళీ.

ఊరు చేరాక ఇంక ఎవరి ఇల్లు వాళ్ళదేం కాదు. చర్చి దగ్గర లాలి అని మానుని తొలిచి చేసిన పెద్ద డోలు ఉంటుంది, అది మోగితే ఆరాధన టైం అయిందని అర్థం. మగవాళ్ళు సులు అని మోకాళ్ళ కిందకి ఉండే లుంగీ లాంటిది కట్టి పైన చొక్కా టై, ఆడవాళ్ళు పొడుగ్గౌను కింద మళ్ళీ సులు. పాడటం మొదలుపెడితే వాయిద్యాల అవసరమే ఉండదు, నాలుగు గొంతులు నాలుగు వరుసల్లో విడిపోయి పాడతారు, ఆ ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ తన వరుస ఏదో తెలుసు. మన గుడారాల్లో ఆ సౌండ్ బాక్సులు పెట్టి చెవులు చిల్లులు పడేలా కొడతారు చూడండి, ఒక్కసారి వాళ్ళ పాట వింటే ఆ బాక్సులు అద్దెకి తేవడం మానేస్తారేమో అని నా ఆశ.

అక్కడి మూలవాసులైన ఫిజీయన్లలో ఎక్కువమంది మెథడిస్టులు అనే క్రైస్తవ శాఖ వాళ్ళు. క్రాస్, కార్గిల్ అని ఇద్దరు మిషనరీలు 1835లో టోంగా దేశం నుంచి లకెంబా దీవికి వచ్చి మొదలుపెట్టారు, సరిగ్గా ఆ రోజుల్లోనే, 1836లో, బౌడెన్, బీర్ అనే ఇద్దరు మన దేశానికి వచ్చి తర్వాత నరసాపురంలో స్థిరపడ్డారు. అంటే మన గోదావరి డెల్టా చర్చీలూ ఫిజీ చర్చీలూ ఒక ఈడువే. 1854లో థాకొంబావు అనే పెద్ద నాయకుడు క్రైస్తవం తీసుకున్నాక అక్కడ ఊళ్ళకి ఊళ్ళు మారాయి.

బహుమతుల గురించి అడిగేవాళ్ళున్నారు. రంగు కాగితం చుట్టిన డబ్బాలు టౌన్లో ఉంటాయి, పల్లెలో పెద్దగా కనపడవు, అక్కడ ఇచ్చిపుచ్చుకునేది చాపలూ తిండీను. చాపలంటే తక్కువ అనుకోకండి, వొయ్‌వొయ్ అనే మొగలి జాతి ఆకు కోసి ఉడికించి ఎండబెట్టి సన్నగా చీల్చి అల్లుతారు, అంచుకి రంగురంగుల ఊలు కుచ్చులు. పెళ్ళయినా చావయినా పండగైనా కింద పరిచేది అదే. మన కాలవగట్ల మీద మొగలి పొదలు ఎన్ని ఉన్నాయో, పువ్వు కోసుకుని ఊరుకుంటాం.

ఒక భయం మాత్రం ఉంటుంది, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వాళ్ళకి తుఫాన్ల కాలం. 2020లో యాసా తుఫాను డిసెంబర్ 17న వనువా లేవు దీవిని కొట్టింది, పండగకి ఇంకా ఎనిమిది రోజులుందనగా. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్ళకి దీని గురించి నేను ఇంకేం చెప్పక్కర్లేదు.

మీ ఆడపడుచుకి చెప్పండి, పక్కింటి ఫిజీయన్ వాళ్ళు ఊరికి రమ్మంటే వెళ్ళమని. టోపీ పెట్టుకుని, కళ్ళద్దాలు తలమీదకి ఎత్తుకుని ఊళ్ళో తిరగకూడదు, మర్యాద కాదు. మోకాళ్ళు కనపడకుండా బట్టలుండాలి. మన చీర చక్కగా సరిపోతుంది.

మేడమ్, మేం సరుగుడు కొమ్మ తెచ్చి క్రిస్మస్ చెట్టు పెడతాం. పిల్లలేమో అది నిజం చెట్టు కాదు, ప్లాస్టిక్‌ది కొను అని గొడవ. అక్కడ ఏం పెడతారు?
అంతర్వేది దగ్గర నుంచి ఒక తండ్రి

సరుగుడు నిజం చెట్టు కాకపోతే ప్లాస్టిక్‌ది నిజమా నాయనా! సరుగుడు పసిఫిక్ దీవుల్లో తనంతట తను పెరిగే చెట్టు, ఫిజీలో నొకొనొకో అంటారు, టోంగాలో తోవా, పాతకాలంలో గదలూ ఈటెలూ దానితోనే చేసుకునేవాళ్ళు, అంత గట్టి కర్ర. ఫిజీలో పడమటి వైపు పైన్ తోటలున్నాయి, ఆ కొమ్మలూ పెడతారు. మీ పిల్లలకి చెప్పండి, మీ ఇంట్లో ఉన్నది అసలు సిసలు పసిఫిక్ చెట్టు అని. దూది మాత్రం అంటించకండి దయచేసి.

పెద్దమ్మగారూ, ఆ చేమాకుల వంటకం చేసే విధానం పూర్తిగా రాయండి. మా పెరట్లో చేమ బోలెడుంది, కొబ్బరికి కొదవ లేదు.
కొత్తగా పెళ్ళయిన అమ్మాయి, అమలాపురం

ఇది అడిగినవాళ్ళే ఎక్కువమంది, అందుకని కొంచెం తీరిగ్గా రాస్తా. దాన్ని పలుసామి అంటారు, సమోవాలో టోంగాలో కూడా ఉంది, టోంగాలో లూ అంటారు, ఒక్కో దీవిలో ఒక్కో పద్ధతి.

లేత చేమాకులు కొయ్యి, అరచేతికి కాస్త పెద్దవి, విచ్చుకుని రెండు మూడు రోజులైనవి. గట్ల మీద దానంతటదే మొలిచే అడవి చేమ జోలికి పోవద్దు, మీరు దుంప తవ్వుకు తినే చేమదే కొయ్యాలి. కాడ మొదలంటా తీసెయ్యి, వెనకాల లావుగా ఉండే ఈనె చాకుతో చెక్కెయ్యి. నలుగురికైతే ఒక ఇరవై ఆకులు కావాలి. రెండు కొబ్బరికాయలు కోరి, గోరువెచ్చటి నీళ్ళు కొంచెమే పోసి, పిండిన మొదటి పాలు చిక్కగా ఓ గ్లాసు పైన రావాలి. నీళ్ళు ఎక్కువ పోస్తే మాత్రం ఆకు ముద్దలో పాలు విరిగి నీళ్ళు నీళ్ళుగా తేలుతుంది. డబ్బా పాలతో చేసేవాళ్ళున్నారు, కోనసీమలో ఉండి డబ్బా కొంటే నీకు నేను వంటలు చెప్పను.

రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా, పచ్చిమిరపకాయలు నాలుగు, ఉప్పు, ఇవి కొబ్బరిపాలల్లో కలుపు. నాలుగైదు ఆకులు ఒకదానిమీద ఒకటి, పెద్దది అడుగున వచ్చేలా దొన్నె లాగా చేతిలో పట్టుకుని మధ్యలో రెండు గరిటెలు పోసి, అంచులు దగ్గరికి లాగి మూట కట్టి, ఆ మూటని నిప్పు మీద కొంచెం కమర్చిన అరిటాకులో పొట్లం కట్టి, అరటి నారతో బిగించు. అక్కడ అందరూ ఉప్పుమాంసం టిన్ను విప్పి అందులో వేస్తారు, టిన్ను మాంసం లేని పండగ వాళ్ళ ఊహకే అందదు, ఎప్పుడో ఓడల్లో వచ్చిన సరుకు ఇవాళ వాళ్ళ సొంత వంట అయిపోయింది. నీకది ఎందుకు, కాస్త వేయించిన రొయ్యపప్పు వేసుకో, లేదా చికెన్ కైమా, ఏమీ వెయ్యకపోయినా బావుంటుంది, నేను ఏమీ లేనిదే ఇష్టపడతా.

ఇడ్లీ పాత్రలో నీళ్ళు పోసి ఆవిరికి పెట్టు. గంటకి తగ్గకూడదు. ఇది గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే చేమాకులో కంటికి కనపడని సూదుల్లాంటి ఆక్సలేట్ పలుకులుంటాయి, సరిగ్గా ఉడక్కపోతే నాలుకా గొంతూ దురదెత్తిపోతాయి, కొత్త కోడలు చేసిన మొదటి వంటకే అత్తగారి గొంతు పట్టుకుంటే నన్ను తిడతారు. మధ్యలో రుచి చూడకు. ఆకు పూర్తిగా మెత్తబడి, చెంచాతో తీస్తే ముద్దగా రావాలి, రంగు ముదురుపచ్చగా మారాలి. అనుమానముంటే ఇంకో పావుగంట ఉంచు, ఎక్కువ ఉడికి పాడైపోయే వంట కాదది. దించాక ఒక నిమ్మబద్ద పిండుకోవచ్చు, అది మన అలవాటు, వాళ్ళది కాదు. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళకి పెట్టకు, ఆ ఆక్సలేటే కారణం.

ఉడికించిన చేమదుంపతో గానీ కర్రపెండలంతో గానీ తింటారు అక్కడ. అన్నంలో కలుపుకున్నా ఎవరూ జైల్లో పెట్టరు.

భీమవరం నుంచి ఒకాయన కొకొండా గురించి అడిగారు, దానికి కూడా ఇక్కడే చెప్పేస్తా. పచ్చి చేప ముక్కలు నిమ్మరసంలో నానబెట్టి, తెల్లబడ్డాక రసం వంపేసి, కొబ్బరిపాలు ఉల్లి మిర్చి టమాటా కలుపుతారు. వాళ్ళు దానికి వాడే వాలు చేప ఎక్కడిదో కాదు, మన వంజరమే. రుచి అద్భుతం. కానీ నిమ్మరసానికి ముక్క తెల్లబడుతుందే తప్ప పురుగులూ క్రిములూ చావవు, మన మార్కెట్లో ఐసులో ఎన్నాళ్ళు ఉందో తెలియని చేపతో ఆ సాహసం వద్దండి. ముక్కల్ని ముందు నీళ్ళలో ఉడకబెట్టి చల్లార్చి చేసుకోండి, ముప్పావు రుచి వస్తుంది.

అయ్యా/అమ్మా, ఆ దీవుల్లో క్రిస్మస్ రాత్రి మగవాళ్ళు చుట్టూ కూర్చుని ఏదో మత్తు పానీయం తాగుతారనీ, చర్చి పెద్దలు కూడా తాగుతారనీ విన్నాను. ఇది ఎంతవరకు సబబు?
సంఘ పెద్ద, పాలకొల్లు

మీరన్నది యాంగోనా గురించి, బయట కావా అంటారు. అది సారా కాదండి, పులియబెట్టరు. మిరియాల కుటుంబం మొక్క, మన తమలపాకుకి చుట్టం, దాని వేరు ఎండబెట్టి దంచి గుడ్డలో వేసి నీళ్ళలో పిసుకుతారు. తానోవా అని కాళ్ళున్న పెద్ద కర్ర గిన్నెలో కలిపి, కొబ్బరి చిప్పలో పోసి ఇస్తారు. తీసుకునేవాళ్ళు ఒకసారి చప్పట్లు కొట్టి, బూలా అని ఒక్క గుక్కలో తాగేసి, మళ్ళీ మూడు చప్పట్లు. బురదనీళ్ళ రంగు, చేదు, నాలుక మొద్దుబారుతుంది, అరగంటకి ఒళ్ళు తేలికపడి మాట నెమ్మదిస్తుంది, కొట్లాటలు రావు. మా ఆయన రెండో చిప్పకే నిద్రపోయేవారు.

ఊళ్ళోకి కొత్తగా ఎవరొచ్చినా ఆ వేరు కట్ట తెచ్చి పెద్దకి ఇచ్చి అనుమతి అడగాలి, దాన్ని సెవుసెవు అంటారు, అది లేకుండా ఊళ్ళో అడుగు పెట్టినట్టు కాదు. క్రిస్మస్‌కి ఊరొచ్చిన కొడుకులు కూడా తెస్తారు. అంటే అది తాగుడు కన్నా ముందు మర్యాద. ఇక సబబా కాదా అంటే, రాత్రంతా దాని ముందే కూర్చుని పొద్దున్నే ఆరాధనకి లేవలేకపోతున్నారని వాళ్ళ చర్చీల్లోనే పెద్దలు మందలిస్తూ ఉంటారు, ఇంట్లో ఆడవాళ్ళ సణుగుడు సరే సరి. రోజూ అతిగా తాగితే చర్మం పొలుసులు పొలుసులుగా లేస్తుంది, లివర్‌కి మంచిది కాదు. నా అభిప్రాయం అడిగారు కాబట్టి, మన దగ్గర పండగ పేరు చెప్పి సైడు కాలవ పక్కన జరిగే వ్యవహారంతో పోలిస్తే అది నయం.

మా అబ్బాయి యూట్యూబ్‌లో చూసి వెదురు బొంగుతో ఫిరంగి చేస్తానంటున్నాడు. అది ఫిజీ క్రిస్మస్ ఆచారం, పెద్దమ్మే రాసింది అంటాడు. మీరు రాశారా?
ఒక తల్లి, ముమ్మిడివరం

నేను రాయలేదు! కానీ అబద్ధం కాదు, ఫిజీ సమోవా టోంగా అన్నిచోట్లా క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా కుర్రాళ్ళు లావు వెదురు బొంగులో కిరసనాయిలు పోసి పేలుస్తారు, ఊరంతా ఢాం ఢాం. ప్రతి ఏడూ కనుబొమ్మలు కాలినవాళ్ళు, చేతులు కాలినవాళ్ళు ఉంటారు. మీ వాడికి కిరసనాయిలు దొరకదు, పెట్రోల్ పోస్తాడు, అది ఇంకా ఘోరం. వద్దంటే వద్దు. ఫిజీ ఆచారమే కావాలంటే జనవరి ఒకటిన అక్కడ ఒకరినొకరు బకెట్లతో నీళ్ళు పోసి తడిపేసుకుంటారు, పెద్దా చిన్నా తేడా లేదు, అది చేసుకోమనండి. మొదటి బకెట్ మీరే పొయ్యండి.

ఆంటీ, క్రిస్మస్ ఐలాండ్ అని నిజంగా ఉందా? అక్కడ అందరికన్నా ముందు క్రిస్మస్ వస్తుందా?
ఏడో తరగతి, యానాం

రెండున్నాయి బంగారం. ఒకటి మన హిందూ మహాసముద్రంలోనే ఉంది, 1643లో డిసెంబర్ 25న ఒక ఇంగ్లీషు ఓడ కెప్టెన్ చూసి ఆ పేరు పెట్టాడు, ఇప్పుడు ఆస్ట్రేలియాది, ఎర్ర పీతలు కోట్లకొద్దీ రోడ్లు దాటుతాయి. నువ్వడిగేది రెండోది, పసిఫిక్‌లో, కిరిబాస్ దేశానిది, కెప్టెన్ కుక్ 1777లో డిసెంబర్ 24న అక్కడికి చేరాడు. అందులో లండన్, పోలాండ్, బనానా అనే ఊళ్ళున్నాయి, నిజంగా. ప్రపంచంలో అందరికన్నా ముందు తారీకు మారేది అక్కడే, నువ్వు 24న మధ్యాహ్నం మూడున్నరకి స్కూల్ బెల్ కోసం చూస్తుంటే అక్కడ అర్ధరాత్రి పన్నెండు, క్రిస్మస్ వచ్చేసినట్టే. ఫిజీలో మన సాయంత్రం అయిదున్నరకి. ఇంకో తమాషా, సమోవా వాళ్ళు ఆస్ట్రేలియా న్యూజిలాండ్‌లతో వ్యాపారానికి తేదీ కలవాలని 2011లో డిసెంబర్ 30ని ఏకంగా తీసేశారు, గురువారం పడుకుని శనివారం లేచారు. ఆ రోజు పుట్టినరోజు ఉన్నవాళ్ళ సంగతి ఆలోచించు.

దీవుల మీద విమానాలు బహుమతులు జారవిడుస్తాయని ఒక వీడియో తిరుగుతోంది. కంప్యూటర్‌లో చేసిన బొమ్మలా?
ఒక రిటైర్డ్ ఉద్యోగి, తణుకు

నిజమేనండి, కానీ ఫిజీలో కాదు, పైన మైక్రోనేషియాలో. 1952లో అమెరికా వాయుసేన విమానం ఒకటి కపింగమరంగి అనే చిన్న దీవి మీదుగా వెళ్తుంటే కింద జనం చేతులూపారు, విమానంలో వాళ్ళు ఉన్న సామానేదో మూట కట్టి పారాచూట్‌తో వదిలారు, అప్పట్నుంచి ప్రతి డిసెంబర్‌లో గువామ్ స్థావరం నుంచి వెళ్ళి పెట్టెలు వదులుతున్నారు. వలలూ పనిముట్లూ బియ్యం బట్టలూ బళ్ళో పుస్తకాలూ బొమ్మలూ ఉంటాయి. విమానం దిగే చోటు లేని దీవులు మరి. వాళ్ళకి అది సామాను వదలడంలో శిక్షణ కూడా, ఊరికే కాదు. జపాన్ ఆస్ట్రేలియా విమానాలు కూడా ఈ మధ్య కలుస్తున్నాయి.

మా ముత్తాత తమ్ముడు చెరుకు తోటల పనికి ఓడెక్కి ఫిజీ వెళ్ళి తిరిగి రాలేదని మా నాన్న చెప్పేవారు. అక్కడ మన తెలుగువాళ్ళు ఇంకా ఉన్నారా? ఉంటే వాళ్ళు క్రిస్మస్ చేసుకుంటారా?
ఒక రైతు, రావులపాలెం

ఉన్నారండి. 1879 నుంచి 1916 దాకా సుమారు 60 వేలమందిని మన దేశం నుంచి అయిదేళ్ళ ఒప్పందం మీద తీసుకెళ్ళారు, దాన్నే గిర్మిట్ అంటారు. మొదట కలకత్తా నుంచే, 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా, అందులో గోదావరి కృష్ణా విశాఖ జిల్లాల వాళ్ళున్నారు. అయిదేళ్ళయ్యాక సొంత ఖర్చుతో రావచ్చు, పదేళ్ళుంటే ఉచితంగా తిరిగి పంపుతారు, కానీ ఎక్కువమంది ఉండిపోయారు. మీ ముత్తాత తమ్ముడి పేరూ ఆయన తండ్రి పేరూ ఊరి పేరూ తెలిస్తే వెతకొచ్చు, ఓడెక్కిన ప్రతి మనిషికీ ఒక పాస్ రాశారు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా, ఎత్తు, ఒంటి మీద మచ్చలతో సహా. అవి సువాలో ఫిజీ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కాకపోతే తెల్లదొరలు మన పేర్లు రాసిన తీరు తల్చుకుంటే ఏడుపొస్తుంది, నాలుగైదు రకాల స్పెల్లింగులతో వెతకండి.

వాళ్ళ మునిమనవలు చాలావరకు హిందువులే, ఇంట్లో మాట్లాడేది ఫిజీ హిందీ, తెలుగు పెద్దవాళ్ళ నోట ముక్కలు ముక్కలుగా వినపడుతుంది, పెళ్ళిళ్ళలో పాటల్లో మిగిలింది. దక్షిణాది వాళ్ళ సంగం నడిపే బళ్ళున్నాయి, తెలుగువాళ్ళకి విడిగా ఆంధ్ర సంగం ఉంది. క్రిస్మస్ అంటారా, అక్కడ క్రిస్మస్‌కీ దీపావళికీ రెంటికీ సెలవే. డిసెంబర్‌కి చెరుకు కోతలు, మిల్లు ఆడటం అయిపోయి చేతిలో కాస్త డబ్బు తిరుగుతుంటుంది, హిందూ ఇళ్ళ వాళ్ళు కూడా సామాను సర్దుకుని సముద్రం ఒడ్డుకి పోయి మేకమాంసం కూర వండుకుని పొద్దంతా ఉంటారు. లబాసా వైపు మాకు తెలిసిన ఒక తెలుగు ఇంట్లో దీపావళికి పక్కింటి ఫిజీయన్లకి మిఠాయి పళ్ళెం వెళ్ళేది, క్రిస్మస్‌కి ఆ పళ్ళెం గొయ్యిలో కాల్చిన దుంపలతో తిరిగొచ్చేది. ఖాళీ పళ్ళెం తిరిగి ఇవ్వకూడదనే పట్టింపు రెండు పక్కలా ఉంది. భారత సంతతి మెథడిస్టులు కూడా ఉన్నారు, వాళ్ళ ఆరాధన హిందీలో.

మా చర్చి యూత్ ఈసారి గొయ్యి తవ్వి ఫిజీ పద్ధతిలో విందు వండుదామని డిసైడ్ అయ్యాం. ఎంత లోతు తవ్వాలి, ఏం రాళ్ళు వాడాలి మేడమ్?
యూత్ లీడర్, అంబాజీపేట

శభాష్ రా, కానీ తవ్వకండి! లోవో అంటే వాళ్ళ గొయ్యి పొయ్యి, దాన్ని అక్కడ మెరక మీద, ఇంకిపోయే నేలలో తవ్వుతారు. అంబాజీపేటలో రెండడుగులు తవ్వితే ఊట వస్తుంది, డిసెంబర్‌లో అయితే మరీను, మీ చికెన్ ఉడకదు, ఈదుతుంది. మీకు సరిపోయేది సమోవా పద్ధతి, ఉము అంటారు, గొయ్యి ఉండదు, నేల మీదే. కింద ఇటుకలు పరుచుకోండి తడి తగలకుండా.

కొబ్బరి డొక్కలూ చిప్పలూ ఎండు కమ్మలూ మీకు ఊరికే దొరుకుతాయి, కింద లావు కర్రలు పేర్చి మంట పెట్టి దాని మీద పిడికిలికి కాస్త పెద్దవైన రాళ్ళు పొయ్యాలి. అసలు చిక్కంతా ఆ రాయి దగ్గరే. కోనసీమలో మట్టి తప్ప రాయెక్కడిది? గోదావరిలో గులకరాళ్ళు ఏరుకొస్తే మాత్రం వాటిల్లో ఇంకిన నీరు ఆవిరై టపాకాయలాగా పేలి ముక్కలు కళ్ళల్లో పడతాయి. గౌరీపట్నం, పంగిడి వైపు క్వారీల్లో నల్లరాయి ఉంది, అది పూర్వం అగ్నిపర్వతం లావా గడ్డకట్టిన రాయి, సమోవాలో వాడేదీ అలాంటి రాయే. నిర్మలగిరి యాత్రకి ఎవరైనా వెళ్తే వచ్చేటప్పుడు అడిగి ఒక బస్తా తెప్పించండి. పండగకి వారం ముందే ఎండబెట్టి, ఒకసారి జనానికి దూరంగా కాల్చి చూడండి, పగిలేవి అప్పుడే పగులుతాయి, మిగిలినవి వాడుకోవచ్చు.

మంట పెట్టిన గంటన్నరకి కర్ర కాలి రాళ్ళు బూడిద రంగుకి తిరుగుతాయి. మండుతున్న బొగ్గులన్నీ పక్కకి లాగేసి, రాళ్ళు చదునుగా పరిచి, చెక్కు తీసిన చేమదుంపలు, కర్రపెండలం, పచ్చి అరటికాయలు నేరుగా రాళ్ళ మీద పెట్టాలి. చికెన్ పెద్ద ముక్కలుగా వద్దు, మసాలా పట్టించి చిన్న ముక్కలు అరిటాకు పొట్లాల్లో కట్టండి. చేప పొట్లాలూ పలుసామి పొట్లాలూ పైన. కొన్ని వేడి రాళ్ళు పట్టుకారుతో తీసి వాటి మధ్యలో పెట్టి, ఇంక అరిటాకులు పది పదిహేను వరసలు కప్పుకుంటూ పోవాలి, ఆవిరి ఎక్కడా బయటికి రాకుండా, చివర్లో తడి గోనెసంచులు. పాలిథిన్ పట్టా కప్పారో చంపేస్తా. గంట, గంటంబావు ఉంచి తియ్యండి, చికెన్ ఒక పొట్లం విప్పి ఎముక దగ్గర ఎరుపు ఉందేమో చూశాకే వడ్డించాలి. ఉంటే ఆ పొట్లాలు ఇంట్లో పొయ్యి మీద పెట్టెయ్యండి, సిగ్గేం లేదు. చేమదుంప కూడా అంతే, గుచ్చితే మెత్తగా దిగాలి.

సమోవాలో ఈ పని కుర్రాళ్ళదే, ఆడపిల్లలు ఆ రోజు పొయ్యి దగ్గరికి రారు, తెల్లారకుండానే మగపిల్లలు లేచి కర్రలు మోసి దుంపలు గీకి ఉము పేర్చాలి. మీ యూత్‌లో ఆడపిల్లలకి ఈ వాక్యం చదివి వినిపించు.

ఆఖరి మాట టైమింగ్ గురించి. ఆకులు ఒకసారి తీస్తే మళ్ళీ కప్పడానికి లేదు, ఎక్కువసేపు వదిలేస్తే చికెన్ ఎండిపోతుంది. కాబట్టి ప్రసంగం మొదలవ్వక ముందు కప్పాలా, మొదలయ్యాక అరగంటకి కప్పాలా అన్నది మీ పాస్టర్ గారిని బట్టి ఉంటుంది, ఆయన సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు.